గట్టు ఏ పక్క

‘గట్టు’ అన్న మాట ఎవరి నోట విన్నా నా చేతులు వాటంతట అవే చీర కొంగును గుప్పిట పట్టుకుంటాయి. మా మనవరాళ్లకు ఇదొక ఆట. నేను చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతుంటే వెనక నుంచి వచ్చి చెవి దగ్గర "అవ్వా, గట్టు" అంటారు. చేట జారితే పకపకా నవ్వుతారు. ఆ మాట పుణ్యాన మీ నాయన ఒకనాడు నీళ్ల మీద వేలాడాడే అంటే నమ్మరు. "కర్నూల్లో పడవలు యాడివి అవ్వా, కోతలు కోస్తాండావు" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

కోతలు కాదు. తుంగభద్ర నీళ్లను మళ్లించుకొని కర్నూలు పక్కగా, నంద్యాల మీదుగా కడప దాకా పోయే మా కాలువలో దొరల కాలంలో పడవలు తిరిగాయి. ఎక్కువగా సరుకు పడవలే. పత్తి మూటలూ కట్టెలూ నాపరాళ్లూ వేసుకొని పోయేవి. వానలు పడి కాలువ పారిన ఏడు నాలుగైదు ఇళ్ల వాళ్లు కలిసి ఒక పడవ మాట్లాడుకొని తీర్థానికి బయలుదేరడమూ ఉండేది. తరువాత పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు అందులో ఎనుములు తప్ప ఏవీ ఈదవు.

మా సాలెవీధి వాళ్లు అలా బయలుదేరిన ఏడు నాకు ఇరవై నిండలేదు. అప్పటికే ఇద్దరు బిడ్డలను మట్టిలో పెట్టాను. ఒకడు పురిట్లోనే పోయాడు. ఒకతి పాలు మరవక ముందే పోయింది. మూడోవాడు పుట్టినప్పుడు మా అత్త వాణ్ణి నా చేతికి ఇవ్వకముందే పుష్పగిరి స్వామికి మొక్కుకుంది. వీడు ఏడాది దాటి బతికితే కార్తీక పున్నమి నాడు పెన్నలో స్నానం చేయించి పుట్టు వెంట్రుకలు ఇస్తానని ఆమె మొక్కు. వాడు బతికాడు. బతికాడు కాబట్టే నాకు భయం ఎక్కువైంది. మొక్కు తీర్చకుంటే స్వామి ఏమనుకుంటాడోనని భయం, తీర్చడానికి నీళ్ల మీద పోవాలంటే అదింకో భయం. ఎట్లాగైనా ఆ బిడ్డను పుష్పగిరికి చేర్చి, ప్రాణాలతో మళ్లీ మా గడపలోకి తీసుకురావాలి. ఆ ప్రయాణంలో నాకు వేరే కోరిక ఏమీ లేదు.

మా ఇంటాయన రాలేదు. మగ్గం మీద పెళ్లి చీర ఉండింది, దాన్ని సగంలో వదిలి రాకూడదు. బయలుదేరే రోజు తాను నేసిన ముతక నూలు చీర ఒకటి తెచ్చి నా మూటలో పెట్టి, "బిడ్డకు ఉయ్యాల కట్టుకో. పడుగు గట్టిగుండాది, తెగదు" అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాటలు ఆయన నోట పెళ్లయినప్పటి నుంచీ నేను విని ఎరుగను.

మా కరువు సీమ వాళ్లకు నీళ్లంటే బావి అడుగున మెరిసేవి. కాలువనైతే చూశాం గానీ దాని మీద ఇల్లు కట్టినట్లు తాటాకు కప్పు వేసుకొని పోవడం మాలో ఎవరికీ తెలియదు. పడవ దగ్గరికి పోయేసరికి సరంగు బల్ల మీద నిలబడి ఉన్నాడు. సరంగు అంటే పడవకు పెద్ద. నడిపేదీ ఆపేదీ అతనే. గోదావరి కాలువల మీద తల నెరిసి మా తట్టుకు వచ్చిన మనిషి. ఖాకీ కోటు, నెత్తిన తెల్ల పాగా, మెడలో ఈల. మొహంలో నవ్వు అన్నది వెతికినా దొరకదు.

"ఏవండీ, ఎవరి చోటు వాళ్లకి చూపిస్తాను. అక్కడే కూర్చోవాలి. నడుస్తుండగా ఎవరూ లేవకూడదు. పడవలో పొయ్యి పెట్టకూడదు. ఉయ్యాల కడితే నడిమి గుంజకే కట్టాలి, పక్కలకి కట్టకూడదు" అన్నాడు.

మా అత్త ఊరుకునే రకం కాదు. "ఏమప్పా సరంగప్పా, మేము దుడ్లిచ్చి ఎక్కుతాండామా, నీ ఇంటికి కోడండ్లుగా వస్తాండామా?" అంది.

"ఎక్కినాక నా ఇంటికి వచ్చినట్టేనమ్మగారూ" అన్నాడు సరంగు. అందులో వేళాకోళం ఏమీ లేదు.

మా వీధికి మా మామ పెద్ద. ఆయన చెప్పందే ఎవరూ కొత్త మగ్గం కూడా పెట్టరు. అలాంటి మనిషి సరంగు చూపిన చోట గమ్మున కూర్చున్నాడు. మామ కూర్చున్నాడని అందరం కూర్చున్నాం.

మొదటి రోజు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సరంగు ఈల ఊదాడు. కట్ట మీద తాడు పట్టుకొని పడవను లాగే మనుషులు ఆగారు. "దిగండమ్మా, గట్టు మీద వంట చేసుకోండి" అన్నాడు సరంగు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా వైపు గట్టంటే రాళ్ల గుట్ట. కర్నూలు పక్కన జగన్నాథగట్టు లేదా, అట్లాంటిది. ఆ చుట్టుపక్కల కనిపించే ఒకే ఒక్క గట్టు కాలువకు అవతల, జొన్న చేలు దాటి, పొద్దంతా నడిస్తే గానీ చేరలేనంత దూరంలో ఉంది.

"ముద్ద వండుకునేకి ఆ గట్టెక్కల్లంట. ఈ మొగోనికి మతి ఉండాదా?" అంది అత్త.

సరంగు వేలు పెట్టి చూపించాడు. పడవకు ఆనుకొని ఉన్న కాలువ కట్టనే అతను గట్టంటున్నాడు. నవ్వలేక చచ్చాం. మామ కూడా మీసాల చాటున నవ్వి, "దాన్ని మేము కట్ట అంటామప్పా. గట్టంటే కొండ. నువ్వు కూడా కట్ట అను, ఆడోళ్లకు తెలుస్తాది" అన్నాడు.

"మీ ఇళ్ల కాడ మీరేవన్నా అనుకోండి. పడవ మీద మాత్రం అది గట్టేనండి. పడవ మీద ఒక వస్తువుకి రెండు మాటలు పనికిరావు" అన్నాడు సరంగు. కట్ట మీదున్న మనుషుల్లో సగం మంది మా సీమ వాళ్లే. వాళ్లు కూడా నోరు మెదపకుండా గట్టు అనే అంటున్నారు. అంత అదుపు.

ఇక అప్పటి నుంచి మాకు అదే ఆట. తమలపాకులు అడిగితే "గట్టు మీదుండాయి" అనడం, చెంబు కనపడకపోతే "గట్టెక్కి చూడు" అనడం. సరంగు వింటున్నా విననట్లే ఉండేవాడు.

సుఖంగా లేదని చెప్తే అబద్ధమవుతుంది. నేను పుట్టింది ఆత్మకూరులో. అత్తింటికి ఎద్దుల బండిలో వచ్చినప్పుడు ఒళ్లంతా హూనమైంది. ఈ పడవలో కుదుపు లేదు, దుమ్ము లేదు. పొద్దున్నే చల్లగాలి. కాలువ వెంబడి కొర్ర చేలూ జొన్న చేలూ వెనక్కి పోతుంటే, మగ్గం గుంతలో కాళ్లు పెట్టి బతుకు వెళ్లదీసే మా వీధి ముసలివాళ్లు పసిపిల్లల్లా నోరు తెరుచుకొని చూసేవాళ్లు. అయితే ఆ సుఖమంతా సరంగు చేతిలో ఉండేది. అతను చుక్కాని దగ్గర నిలబడి సన్నగా కూనిరాగం తీస్తే మేం పాటలు పాడేవాళ్లం. అతను మాట్లాడకుండా నీళ్ల వంక చూస్తూ నిలబడ్డాడంటే వక్క కొరకడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలేది కాదు. ఇంట్లో మేమంతా మామ మొహం చూసి మసిలేవాళ్లం. పడవలో మామ కూడా సరంగు మొహం చూసేవాడు. నాకు అది లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

లాకుల దగ్గర మాత్రం నాకు భయం తగ్గలేదు. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట రెండు రాతి గోడల నడుమ పడవను పెట్టి, ముందూ వెనకా తలుపులు మూసి, అడుగున తూము ఎత్తి నీళ్లు వదిలేస్తారు. నీళ్లతో పాటు పడవ దిగుతుంది. గోడలు మనకు రెండు పక్కలా పైకి లేస్తాయి. మొదటి లాకులో పడవ మునిగిపోతోందని మా వాళ్లు గోల పెట్టారు. "చేదబావిలోకి బొక్కెన దించినట్ల దించుతాండారే" అని అత్త నా భుజం పట్టుకుంది. పడవ తాడును పైన కట్ట మీది రాతి గుంజకు చుట్టి, పడవ దిగేకొద్దీ కొంచెం కొంచెం వదలాలి. ఆ పని చేసే మనిషి పక్కనే సరంగు ప్రతిసారీ నిలబడేవాడు. తాడు మీద నుంచి కన్ను తిప్పేవాడు కాదు. అతను అక్కడ ఉంటే నేను ఊపిరి పీల్చుకునేదాన్ని.

బిడ్డకే పడవ పడలేదు. మధ్యాహ్నమైతే తాటాకు కప్పు కింద ఉబ్బరం. నడిమి గుంజకు కట్టిన ఉయ్యాలకు గాలి ఆడదు. వాడు ఏడ్చి ఏడ్చి మొహం కందిపోయేది. పాలు పట్టేవాడు కాదు. ఇద్దరిని పోగొట్టుకున్నదాన్ని, బిడ్డ పాలు తాగకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఒకరోజు సరంగు చుక్కాని మనిషికి అప్పగించి వచ్చి కాసేపు నిలబడి వాణ్ణి చూశాడు. తరువాత ఉయ్యాల విప్పి, తన దగ్గరున్న కొత్త తాడు తెచ్చి, తాడు లాగే కట్ట పక్క కాకుండా రెండో పక్క, పడవ అంచున ఉన్న దూలానికి తనే కట్టాడు. కట్ట పక్క అయితే లాగే తాడు ఒరుసుకుంటుందట.

"గాలి తగులుతుందమ్మా. లాకొచ్చినపుడు మాత్రం బిడ్డని ఒళ్లోకి తీసుకో" అన్నాడు.

బిడ్డ ఆ గాలికి కన్ను మూశాడు. నాకు ఆ మనిషి కాళ్లకు దండం పెట్టాలనిపించింది. అత్త కూడా ఆ పూట అతనికి తిట్లు తగ్గించింది. అతను మా మీద కసురుకున్నన్నాళ్లూ మేం భద్రంగానే ఉన్నామని ఇప్పుడు అనిపిస్తుంది. దయ తలిచినప్పటి నుంచే మొదలైంది.

నంద్యాల చేరేసరికి మా వీధి ముసలివాళ్లు మహానంది చూస్తామని పట్టుబట్టారు. అత్త ఒప్పుకోలేదు. పున్నమికి పుష్పగిరిలో లేకుంటే ఈ తిరుగుడంతా దేనికని ఆమె వాదన. రెండు జట్లయ్యారు. మాకు మహానంది అంటే మాకు పుష్పగిరి అని, పోయే చోటు దగ్గరే మా స్నేహాలు చెడ్డాయి. చివరకు అందరూ సరంగును అడిగారు. అతను వెదురు గడ నీళ్లలో దించి చూశాడు. ఆ ఏడు వానలు చివర్లో మొహం చాటేశాయి. కాలువ రోజురోజుకూ తగ్గుతోంది. కట్టల మీద తడి గుర్తు పైన ఉండిపోయి నీళ్లు కిందికి పోతున్నాయి.

"నేనైతే ఆగకూడదండి" అన్నాడు. ఒక ముసలాయన చేతులు జోడించి, "మళ్లా ఈ జన్మకు రాలేనప్పా" అన్నాడు. సరంగు గడను పక్కన పెట్టాడు. "ఒక్క పూట. పొద్దుగూకే లోపల పడవలో ఉండాలి" అన్నాడు.

మహానంది కోనేట్లో నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున వేసిన నాణెం బొమ్మా బొరుసూ తెలుస్తుంది. నేను బిడ్డను ఎత్తుకొని గొంతు దాకా దిగాను. వాడు మొదటిసారి నీళ్లను చూసి కేరింత కొట్టాడు. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు. అత్త మాత్రం ఒడ్డున కూర్చొని పొద్దు వంక చూస్తూ ఉంది. పొద్దుగూకే లోపల ఎవరొస్తారు? మరుసటి మధ్యాహ్నానికి గానీ మేం మాట్లాడుకున్న ఎద్దుల బండ్లు పడవ చేరలేదు. సరంగు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తాడు మనుషులను మాత్రం తొందర పెట్టాడు. ఆ రోజు నుంచి కూనిరాగం లేదు, గట్టు మాట మీద వేళాకోళాలూ లేవు. అందరి నోటా ఒకటే, పున్నమికి చేరతామా చేరమా.

అట్లా పోతూ పోతూ ఒక లాకు చేరాం. తాడు లాగే కట్టకు ఎదురుగా, ఉయ్యాల ఉన్న పక్క, దాదాపు కాలువను ఆనుకొని, ఎర్రటి రాళ్ల గట్టు ఉంది. తలుపుల దగ్గర కాపలా మనిషి నీళ్లు తక్కువగా ఉన్నాయి, ఈ పూట వదలను అన్నాడు. సరంగు పైకెక్కి అతనితో మాట్లాడుతున్నాడు. మా మామ కూడా పడవలో నుంచే గొంతు కలిపాడు. మాట మాట పెరిగి, చివరకు కాపలా మనిషి సణుగుతూ ఒప్పుకున్నాడు. ఆ గొడవలో పడవ లోపలికి ఎప్పుడు వచ్చిందో, వెనక తలుపులు ఎప్పుడు మూశారో నేను సరిగా చూడలేదు. సరంగు కోపంగా పడవలోకి దూకి చుక్కాని దగ్గరికి పోయాడు. కాపలా మనిషి అంతకన్నా కోపంగా తూము ఒక్కసారిగా ఎత్తేశాడు. మామూలుగా కొద్ది కొద్దిగా ఎత్తుతారు.

నేను బిడ్డను ఒళ్లోకి తీసుకోవడానికి లేచాను. లేచి ఉయ్యాల చేరేసరికే కింద నీళ్లు గుళ్లున పోతున్నాయి. పైన తాడు వదిలే మనిషి గింజుకుంటున్నాడు. నీళ్లకు ఉబ్బిన తాడు రాతి గుంజ మీద తన చుట్టు కిందే తాను ఇరుక్కుపోయింది. నీళ్లు దిగుతున్నాయి, పడవ దిగడం లేదు. కట్ట పక్క అంచు తాడుకు వేలాడి పైన నిలిచిపోయింది. రెండో పక్క, నేనున్న పక్క, నీళ్లతో పాటు కిందికి ఒరుగుతోంది.

ఉయ్యాల అంచు దాటి బయటికి ఊగింది. నా బిడ్డ నాకు ఎదురుగా నీళ్ల మీద ఉన్నాడు. నేను మోకాళ్లు పడవ అంచుకు ఆనించి రెండు చేతులతో ఆ చీరను పట్టుకున్నాను. బరువుకు గుడ్డ బిగుసుకొని వాడి చుట్టూ మూసుకుపోయింది. లోపల వాడు కదలడం తెలుస్తోంది గానీ చెయ్యి పెట్టి తీయడానికి సందు లేదు. చేతులు వదిలి పట్టు మార్చుకుందామంటే నేను బోర్లా నీళ్లలో పడతాను. పాచి పట్టిన గోడ నా మొహానికి చాలా దగ్గరగా ఉంది.

"గట్టు పక్కకి!" సరంగు అరిచాడు. "అందరూ గట్టు పక్కకి రండి!"

పైకి లేచిన పక్క బరువు పడాలని, కట్ట వైపు రమ్మని అతను అంటున్నాడు. మాకు తెలియదా? అతని గట్టంటే మా కట్ట అని అన్ని రోజులూ వేళాకోళం చేసినవాళ్లమే. అయినా ప్రాణభయం పట్టుకున్నప్పుడు మనిషి పుట్టిన ఊరి మాటే వింటాడు. అందరూ తలెత్తారు. అవతలి గోడ మీదుగా ఎర్ర గట్టు కనిపించింది. గట్టు అదిగో అని మా వీధి వీధంతా ఆ పక్కకు, నా మీదికి, వచ్చి పడింది.

ఎవరి మోచెయ్యో నా వెన్నులో దిగింది. పడవ అంచు నీళ్లకు అంగుళం పైన ఉంది. నా మోకాళ్లు తడిశాయి. ఉయ్యాల అడుగు నీళ్లను తాకింది. ఆ గుడ్డ తడిసి బరువెక్కడం నా వేళ్లకు తెలిసింది.

"గట్టు! గట్టు పక్కకండీ! గట్టు!" సరంగు గొంతు చిరిగేలా అరుస్తున్నాడు. అతను అరిచిన కొద్దీ మా వాళ్లు గట్టు పక్కకే తోసుకొస్తున్నారు. అతని చేతిలో కత్తి ఉంది. ఒక్క వేటు వేస్తే తాడు తెగి పడవ కింద పడుతుంది. అయితే అంతమంది ఒకే పక్కన ఉండగా, ఉయ్యాల బయట ఉండగా తాడు కోస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. అతను నా వంక చూశాడు.

అప్పుడు అతను మా వాళ్ల చూపులు ఎక్కడున్నాయో చూసి తానూ తలెత్తాడు. గోడ పైన ఆ ఎర్ర రాళ్ల గట్టును చూశాడు.

"కట్ట!" అన్నాడు. "కట్టకు రాండప్పా! కట్ట పక్కకు! ఈడికి, ఈడికి రాండి!"

ఆ గొంతు అతనిదే, మాట మాత్రం మా వీధిది. ముందుగా మామ తిరిగాడు. నిట్టనిలువుగా లేచిన బల్లలు పట్టుకొని కట్ట వైపు ఎగబాకాడు. ఆయన వెనక అందరూ ఎగబాకారు. నా వెన్ను మీద బరువు తగ్గింది. అంచు కొంచెం పైకి లేచింది. అత్త మాత్రం పోలేదు. వెనక నుంచి నా నడుమును రెండు చేతులా కౌగిలించుకొని, "లాగు మే, నేను పట్టుకునుండా, లాగు" అంది. నేను ఆ చీరను పిడికిలి మీద పిడికిలి మార్చుకుంటూ లోపలికి లాగాను. బిడ్డ నా ఒళ్లో పడ్డాడు. అత్త మా ఇద్దరినీ నడిమి గుంజకేసి అదిమి పట్టుకుంది.

సరంగు అప్పుడు తాడు నరికాడు. పడవ దబ్బుమని నీళ్ల మీద పడింది. కుండలు పగిలాయి. మామ పెదవి చీలి నెత్తురు కారింది. బిడ్డ కెవ్వుమని ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు వినగానే నేను కూడా ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం? మా ఇంటాయన నేసిన చీరలో ఒక్క పోగు తెగలేదు.

లాకు దాటాం. సరంగు తన చోటికి పోయి పాగా తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. మామ ఎదుట నేను ఏనాడూ పరాయి మగవాడితో మాట్లాడలేదు. ఆ రోజు బిడ్డను చంకన వేసుకొని లేచి పోయాను. నడుస్తుండగా లేవకూడదన్న మనిషి నన్ను కూర్చోమనలేదు.

"మా మాట నీకు తెల్సుకదప్పా. తెల్సీ ఇన్ని దినాలు యాల అనల్యా?" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. "తాడు లాగే వోళ్లు సగం మీవోళ్లు, సగం మావోళ్లు. రెండు మాటలుంటే ఒకడిటు లాగి ఒకడటు లాగుతాడని ఒకటే ఉండాలన్నాను. ఆ ఒక్కటీ నాదే అవ్వాలనుకున్నాను. ఎక్కేది మీవోళ్లే కదా, మీది పెట్టాలని తోచలేదు."

క్షమించమని అడుగుతాడేమో, అడిగితే ఇంకా నాలుగు అందామని నిలబడ్డాను. అడగలేదు. వచ్చి నా చోట కూర్చున్నాను.

పున్నమికి చేరాం. కాలువ దిగి బండ్ల మీద పెన్న ఒడ్డుకు పోయాం. పుష్పగిరి ఎట్లా ఉంటుందని తరువాత ఎంతోమంది అడిగారు. గుళ్లూ గోపురాలూ శిల్పాలూ చాలా గొప్పగా ఉంటాయట. నాకు ఒక్కటీ గుర్తు లేదు. మంగలి కత్తి కింద బిడ్డ తల మీద చర్మం ఎంత పల్చగా ఉందో, చెవి వెనక ఉయ్యాల గుడ్డ ఒరిసి ఎర్రగా కమిలిన గీత ఎట్లా ఉందో, అదే గుర్తుంది. కళ్లు మూసుకుంటే నాకు గుడి రాదు. పాచి పట్టిన ఆ లాకు గోడ వస్తుంది.

తిరుగు ప్రయాణంలో మొదటి మధ్యాహ్నం సరంగు ఈల ఊదాడు. పడవ ఆగింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"కట్ట మీద వంట చేసుకోండమ్మా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అత్త పొయ్యి కట్టెలు చంకన పెట్టుకొని అతని వంక చూసింది. "గట్టు మీద్నే చేసుకుంటాం లే నాయనా" అంది. "నువ్వు గూడా దిగి రా. రెండు ముద్దలు తిందువు."

ఒక్కొక్కరూ బల్ల మీదుగా దిగుతున్నారు. చివరగా నేను వచ్చాను. బల్ల ఊగుతోంది, కింద నీళ్లున్నాయి. సరంగు బల్ల చివర నిలబడి బిడ్డను ఇమ్మని రెండు చేతులూ చాపాడు. నేను ఇవ్వలేదు. అతను చేతులు దించలేదు. అత్త ఒడ్డు మీద నుంచి నన్నే చూస్తోంది గానీ ఇయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వాడు మాత్రం నా చంకలో నుంచి ఆ ఈల వైపు చెయ్యి చాపాడు.

ఇచ్చాను. ఆ బోడిగుండును భుజానికి ఆనించుకొని, నేను గట్టు మీద రెండు కాళ్లూ మోపేదాకా ఆ మనిషి అడుగు కదపలేదు.